ఓపీ చీటీలో ఇంకో గడి కావాలి: తిరుపతి, చిత్తూరు డాక్టర్లకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్లకు, ఆస్పత్రులు నడిపేవారికి, ఓపీ కౌంటర్లో కూర్చుని చీటీలు రాసేవారికి నమస్కారం.

నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. పోస్టాఫీసులో గుమాస్తాగా చేరి, చిత్తూరులో కొంతకాలం, తిరుపతిలో ఎక్కువకాలం పనిచేసి రిటైరైన మనిషిని. మనియార్డరు ఫారాలు, రిజిస్టరు పోస్టు రసీదులు, సేవింగ్స్ ఖాతా దరఖాస్తులు, పెన్షన్ కాగితాల మధ్య బతుకంతా గడిచింది. ఆ కౌంటర్లో నాకు బాగా తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఫారంలో గడి ఉంటే ఆ వివరం ఎవరో ఒకరు అడుగుతారు, ఎదుటి మనిషి చెబుతాడు. గడి లేకపోతే అది ఎంత ముఖ్యమైనదైనా అడిగే దిక్కుండదు. మీ ఆస్పత్రుల ఓపీ చీటీలో పేరు, వయసు, బరువు, బీపీ, షుగరు, టెంపరేచరుకు గడులున్నాయి. రోగి ఎక్కడెక్కడికి వెళ్లొచ్చాడో, ఒంటి మీద మచ్చ ఏమన్నా వచ్చిందో అడిగే గడి ఇంకొకటి కావాలని అడగడానికే ఈ ఉత్తరం.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా ఇంటి సంగతి కొంచెం చెప్పక తప్పదు.

పోయినేడు మా అమ్మాయికి పురుడు పోయడానికి నేను, మావారు అమెరికా వెళ్లాం. ఈ ఊళ్లో ఇప్పుడిది వింత కాదు. బైరాగిపట్టెడలోనో, బాలాజీ కాలనీలోనో వీధికి నలుగురైనా ఉంటారు, ఊరగాయ సీసాలు, పొడుల ప్యాకెట్లు సర్దుకుని చెన్నైలో విమానమెక్కి, ఆరు నెలలు మనవల్ని సాకి వచ్చినవాళ్లు. మా అమ్మాయి వాళ్లుండేది కనెక్టికట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే చెట్లే. అలిపిరి మెట్ల దారిలో కంచె అవతల చూసే జింకలు అక్కడ సాయంత్రమైతే కిటికీ దగ్గరికే వచ్చి నిలబడేవి. మావారికి ఊరికే కూర్చోవడం చేతకాదు. వెళ్లిన వారానికే పెరట్లో రాలిన ఆకులు ఊడ్చి, గోంగూర, చిక్కుడు విత్తనాలు వేశారు. మే, జూన్ నెలలు. పొద్దస్తమానం ఆ గడ్డిలో, ఆకుల్లోనే.

ఒకరోజు స్నానం చేసి వస్తుంటే ఆయన నడుము వెనక, లుంగీ కట్టుకునే చోట, రాగిరంగు మచ్చ నా కంట పడింది. మాది చామనఛాయ కంటే ఒక పిసరు నలుపు. అందుకని అది ఎర్రగా కనిపించలేదు, కమిలినట్టుగా ఉంది. దురద లేదు, నొప్పి లేదు. "ఏదో పురుగు కుట్టింటుందిలే" అన్నారు. రోజులు గడిచేకొద్దీ అది అరచేతిని మించిపోయింది. అమ్మాయి ఫోన్లో ఫొటో తీసింది. ఇంతలో దానికి నొప్పులొచ్చాయి, బిడ్డ పుట్టింది, ఇల్లంతా ఆ హడావుడిలో పడిపోయింది. అక్కడ ఆస్పత్రి అంటే మనలాంటి విజిటర్లకు ముందు గుర్తొచ్చేది బిల్లు. ఇన్సూరెన్స్ ఉన్నా అది ఎంత కడుతుందో, మన జేబులోంచి ఎంత పోతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. మచ్చ దానంతటదే మాయమైంది.

తిరిగొచ్చాక మొదలైంది అసలు కథ. వచ్చీపోయే జ్వరం, ఒళ్లు నొప్పులు, మెడ పట్టేయడం, మంచం దిగలేనంత నీరసం. ప్రయాణం బడలిక అన్నారు, వయసన్నారు. విడాల్ టెస్టులో ఏదో వచ్చిందని టైఫాయిడ్‌కు మందులు వాడాం. తర్వాత డెంగీ చూశారు, చికున్‌గున్యా చూశారు. ఒక తెల్లవారుజామున చూస్తే ఆయన ముఖం ఒక పక్కకు జారి ఉంది, కన్ను మూయడం లేదు. పక్షవాతమని గుండె గుభేలుమంది. ఆటోలో పడి పరిగెత్తాం. స్కాన్ తీశారు, మెదడు బాగానే ఉందన్నారు. ముఖానికి పోయే నరం వాచిందని, బెల్స్ పాల్సీ అని చెప్పి మందులు, ఫిజియోథెరపీ ఇచ్చారు. మెల్లగా ముఖం సర్దుకుంది. సంక్రాంతి దాటాక ఎడమ మోకాలు వాచింది. సిరంజితో నీరు తీస్తే వారానికి మళ్లీ పట్టేది. యూరిక్ యాసిడ్ మామూలే, కీళ్లవాతానికి చూసే ఆర్ఏ ఫ్యాక్టర్ లేదు. ఒకరు అరుగుదల అన్నారు, ఇంకొకరు క్షయ ఉందేమో చూద్దామన్నారు. చుట్టాలు సరేసరి. "పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకుంటే పోయేదానికి ఎందుకక్కా ఇన్ని టెస్టులు" అని మా తమ్ముడు కోప్పడ్డాడు. ఎముక విరిగితే ఆ కట్టుకున్న పేరు నాకు తెలుసు. విరగని మోకాలికి కట్టేమి చేస్తుందని నేనూ కోప్పడ్డాను.

ఇక్కడ ఒక్కమాట. మేం వెళ్లిన డాక్టర్లలో చెడ్డవాళ్లు లేరు. జ్వరానికి చూసినాయన జ్వరం బాగా చూశారు, ముఖానికి చూసినాయన ముఖం బాగా చూశారు, మోకాలికి చూసినాయన మోకాలు బాగా చూశారు. మూడు వేర్వేరు చీటీలు, మూడు వేర్వేరు ఫైళ్లు, మూడు వేర్వేరు మెట్లు. ఆ మూడూ ఒకే జబ్బు అని అనుమానించడానికి కావలసిన ఒక్క వివరం ఏ చీటీలోనూ లేదు, అంతే.

ఆ వివరం చివరికి అడిగింది, మోకాలి వాపుకు చేరిన చోట కేసు షీటు రాస్తున్న ఒక జూనియర్ డాక్టరమ్మ. మా చిన్నమ్మాయి కంటే చిన్నది. "ఇదంతా మొదలవ్వకముందు యాడికన్నా పోయొచ్చారా అంకుల్?" అంది. మావారు కాసేపు ఆలోచించి, "తిరుమలకు పోయొచ్చాం" అన్నారు. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. "అమెరికాలో ఉండి వచ్చామమ్మా" అన్నాను. ఆ అమ్మాయి అక్కడితో వదల్లేదు. "అమెరికాలో ఎక్కడ?" అంది. ఆ రెండో ప్రశ్నే మావారిని నిలబెట్టింది. కనెక్టికట్ అనగానే "ఒంటి మీద మచ్చ ఏమన్నా వచ్చిందా ఆంటీ, బాగా పెద్దది?" అని ఈసారి నన్ను చూసి అడిగింది. నేను అమ్మాయికి ఫోన్ చేశాను. అక్కడ అర్ధరాత్రి. నిద్రలేచి వెతికి ఆ పాత ఫొటో పంపింది.

రక్తం ఇక్కడే తీసి ఒక పెద్ద నగరంలోని ల్యాబ్‌కు పంపారు. ఎలీసా అనే రక్తపరీక్ష పాజిటివ్, ఆ తర్వాత దాన్ని ఖాయం చేసుకోవడానికి చేసిన వెస్టర్న్ బ్లాట్ అనే పరీక్ష కూడా పాజిటివ్. జబ్బు పేరు లైమ్.

ఇక ఆ జబ్బు గురించి. మీకు తెలియనిది నేను చెప్పేదేమీ ఉండదు. కానీ పుస్తకంలో ఎప్పుడో చదివి, ఈ ప్రాంతంలో కనపడదు కాబట్టి పక్కన పెట్టేసినవాళ్లు మీలో చాలామంది ఉంటారు. మాతోనే ఒక పెద్ద డాక్టరు "ఆ జబ్బు మన దగ్గర లేదమ్మా, గూగుల్ చూసి రాకండి" అన్నారు. ఆయన చెప్పింది దాదాపు నిజమే. మన దేశంలో లైమ్ కేసులు అరుదు, అక్కడక్కడా మాత్రమే వైద్య పత్రికల కెక్కాయి. జబ్బు ఇక్కడ దాదాపు లేదు, సరే. మావారు అక్కడున్నారు కదా!

అది బొరీలియా బర్గ్‌డార్ఫెరి అనే మెలికల బాక్టీరియా వల్ల వస్తుంది. మోసుకొచ్చేది మన పశువులకు, కుక్కలకు పట్టే గోమార్ల (పిడుదుల) జాతిదే, కానీ వేరే రకం. ఇక్సోడిస్ అంటారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, మిన్నెసోటా, విస్కాన్సిన్ వైపు ఎక్కువ. యూరప్‌లోనూ ఉంది. అందుకే "అమెరికా వెళ్లాం" అంటే సరిపోదు, ఏ రాష్ట్రమో అడగాలి. కనెక్టికట్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్, మసాచుసెట్స్ అంటే ఒక లెక్క, అరిజోనా అంటే ఇంకో లెక్క. మన తెలుగువాళ్లు న్యూజెర్సీలో ఎంతమంది ఉన్నారో మీకు వేరే చెప్పాలా? మీ పిల్లలే ఉంటారు కొందరికి.

ఆ గోమారులో మనుషులకు జబ్బు ఎక్కువగా అంటించేది పిల్లదశలో ఉన్నది. గసగసాల గింజంత ఉంటుంది. కుట్టినా తెలియదు. సాధారణంగా అది ఒక రోజు కంటే ఎక్కువసేపు ఒంటిని పట్టుకుని ఉంటేనే బాక్టీరియా లోపలికి వెళ్తుంది. మూడు రోజుల నుంచి నెలలోపు అది కుట్టిన చోట మచ్చ మొదలై పెరుగుతూ పోతుంది. జబ్బు సోకినవాళ్లలో నూటికి 70 నుంచి 80 మందికి ఈ మచ్చ వస్తుంది. పుస్తకాల్లో మధ్యలో చుక్క, చుట్టూ వలయం ఉన్న బొమ్మ వేస్తారు. నిజానికి చాలామందికి అలా ఉండదు. పైగా ఆ బొమ్మల్లో ఎక్కువ తెల్లతోలు మీదివే. మన రంగు మీద అది దెబ్బ తగిలి కమిలినట్టు కనిపిస్తుంది. మావారి ఫొటో చూసి ఆ డాక్టరమ్మ కూడా వెలుతురు పెంచి, రెండుసార్లు చూసింది.

ఆ దశలో పట్టుకుంటే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు పది రోజులో రెండు వారాలో వాడితే చాలు. వదిలేస్తే వారాలు, నెలలు గడిచాక ముఖ నరం మీద, మెదడు పొరల మీద, గుండె కొట్టుకునే తీరు మీద, కీళ్ల మీద పడుతుంది. ముఖం రెండు పక్కలా జారితే మరీ అనుమానించాలి. గుండెకు పోయే విద్యుత్తు అడ్డుపడి మనిషి కళ్లు తిరిగి పడిపోవచ్చు. అందుకే మావారికి ముందుగా ఈసీజీ తీశారు. అది బాగుంది, దేవుడి దయ. మోకాలిలో ఒక విచిత్రం ఉంది. వాపు చూస్తే భయమేస్తుంది, నొప్పి మాత్రం అంత ఉండదు. మావారు అంత వాచిన మోకాలితోనే మేడ మెట్లెక్కి ట్యాంకు చూసొచ్చేవారు. "నొప్పి లేదంటే అరుగుదలేలే" అని మేం సరిపెట్టుకున్న లక్షణమే నిజానికి ఈ జబ్బు గుర్తు.

టెస్టు సంగతి కూడా మీతో చెప్పాలనుంది, ఎందుకంటే దాన్ని తప్పుగా చదివితే రెండు వైపులా ప్రమాదమే. ఇది ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూసే టెస్టు. అవి పుట్టడానికి కొన్ని వారాలు పడుతుంది. మచ్చ కొత్తగా వచ్చినప్పుడు టెస్టు చేస్తే నెగెటివ్ రావచ్చు. అందుకే అక్కడి డాక్టర్లు అలాంటి మచ్చ చూస్తే, ఊరు కూడా సరిపోతే, టెస్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు. ఆలస్యంగా వచ్చినవాళ్లకు ముందు ఎలీసా, అది పాజిటివ్ లేదా సందేహంగా ఉంటేనే వెస్టర్న్ బ్లాట్. బ్లాట్‌లో ఐజీజీకి, అంటే జబ్బు పాతబడ్డాక ఉండే యాంటీబాడీకి, చూసే పది గీతల్లో కనీసం ఐదు రావాలి. నెలలు గడిచాక ఒక్క ఐజీఎం (మొదట్లో పుట్టే యాంటీబాడీ) పాజిటివ్‌ని పట్టుకుని లైమ్ అనకూడదు. జబ్బు తగ్గాక కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి, తగ్గిందో లేదో చూడటానికి మళ్లీ మళ్లీ టెస్టు చేయించడం డబ్బు దండగ. ఇవన్నీ ఆ డాక్టరమ్మ కాగితం మీద రాసి చూపించింది. నేను ఆ కాగితం దాచుకున్నాను.

కాబట్టి మోకాలు వాచిన ప్రతివాడికీ లైమ్ టెస్టు రాయమని నేను అడగడం లేదు. రేణిగుంట దాటి వెళ్లని మనిషికి ఆ టెస్టు చేస్తే, తప్పుడు పాజిటివ్ వచ్చే అవకాశమే ఎక్కువ. నేను అడుగుతున్నది టెస్టు కాదు, ప్రశ్న. ప్రశ్నకు ఖర్చు లేదు.

ఇంకో సంగతి. మన ఊరికి రోజూ వేలమంది ఎక్కడెక్కడి నుంచో వస్తారు. శివమొగ్గ నుంచి వచ్చే భక్తుడికి జ్వరమొస్తే అతని ఊరి వైపు అడవుల్లో కోతుల జ్వరం ఉంది, క్యాసనూరు అంటారు, 1957లో కనుక్కున్నారు, అదీ గోమార్ల వల్లే. ఇంతమంది వచ్చిపోయే ఊళ్లో "ఎక్కడి నుంచి వచ్చారు, ఎక్కడికి వెళ్లొచ్చారు" అన్న ప్రశ్న చీటీలో లేకపోవడం నాకు అర్థం కాదు. లాడ్జీలో గది ఇచ్చేటప్పుడు అడుగుతారు. ఆస్పత్రిలో అడగరు.

విదేశాల ముచ్చట మాకెందుకంటారా, అయితే ఇక్కడి సంగతే చూడండి. మన చిత్తూరు జిల్లాలో స్క్రబ్ టైఫస్ ఉంది. వానలు పడ్డాక, చలి మొదలయ్యే నెలల్లో ఎక్కువ. కంటికి కనపడనంత చిన్న నల్లి పిల్ల కుడుతుంది. కుట్టిన చోట నల్లటి పక్కు కడుతుంది, అదీ నొప్పి పెట్టదు. అందరికీ రాదు కానీ వస్తే జబ్బు చీటీ రాసిచ్చినట్టే. ఎక్కడుంటుంది ఆ పక్కు? చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, మొలతాడు దగ్గర. మామిడి తోటలో గడ్డి కోసే మనిషి, చెరుకు చేలో పనిచేసే మనిషి జ్వరంతో వచ్చి మీ ముందు స్టూలు మీద కూర్చుంటే, జాకెట్టు మీద నుంచి స్టెత్ పెట్టి చూస్తే ఆ పక్కు ఎలా కనపడుతుంది? దానికీ మందు డాక్సీసైక్లినే. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ఐసీయూలో పడతారు. మన రుయాలో, స్విమ్స్‌లో ఇలాంటి కేసులు చూసిన డాక్టర్లకు ఈ మాట నేను చెప్పనక్కర్లేదు. కానీ మండలాల్లో, పేటల్లో జ్వరం మొదట వెళ్లేది వాళ్ల దగ్గరికి కాదు కదా. ఆడమనిషి అయితే తెర లాగి, నర్సమ్మను పిలిచి చూడాలి. తీరిక లేదంటారు. విడాల్ టెస్టు రాయడానికి పట్టే సమయం కంటే ఎక్కువేమీ పట్టదు. విడాల్ అంటే నాకిప్పుడు మంట. ఒక్కసారి చేసిన విడాల్‌ను నమ్మి మన దగ్గర ఎన్ని జ్వరాలకు టైఫాయిడ్ అని పేరు పెడతారో!

ఇప్పుడు నా కోసం, నాలాంటివాళ్ల కోసం ఒక మాట. మీ ఆస్పత్రుల్లో మమ్మల్ని అటెండర్లంటారు. "అటెండర్లు బయట ఉండండి" అన్న కేక వినని రోజు లేదు. గుంపు ఎక్కువైతే అలా అనాల్సిందే, నేను కాదనను. కానీ నడుము వెనకున్న మచ్చ మావారు తన కళ్లతో ఎప్పుడూ చూడలేదు. ఎలా చూస్తారు? దాన్ని చూసింది నేను. రాత్రి ఎన్నిసార్లు చెమటతో బనియను మార్చుకున్నారో, మాట వెతుక్కోవడం ఎప్పుడు మొదలైందో, పేపరు చదువుతూ ఎక్కడ ఆపేస్తున్నారో, ఆయనకు తెలియదు, నాకు తెలుసు. "ఎలా ఉంది సార్?" అని మీరడిగితే ఆయన "పర్వాలేదు" అంటారు. మన మగవాళ్లంతా డాక్టరు ముందు పర్వాలేదనే అంటారు. ఆ మాట మీద ఆధారపడి మందు రాయకండి. రెండు నిమిషాలు పక్కనున్న మనిషిని అడగండి. ఆవిడ చెప్పేదాంట్లో సగం అనవసరం కావచ్చు, ఏడుపు కావచ్చు. మిగిలిన సగంలో మీకు కావలసింది ఉంటుంది.

ఈ మాట నా సొంతం కాదు, ఈ జబ్బు చరిత్రే చెబుతుంది. కనెక్టికట్‌లో లైమ్ అనే ఊళ్లో పాలీ మరే అనే ఇల్లాలు ఉండేవారు. ఆమెకు, భర్తకు, పిల్లలకు ఏళ్ల తరబడి దద్దుర్లు, కీళ్ల వాపులు. ఆమె అన్నీ రాసిపెట్టుకుంది. చుట్టుపక్కల ఇళ్లలో కూడా పిల్లలకు మోకాళ్లు వాస్తున్నాయని గమనించి, 1975లో రాష్ట్ర ఆరోగ్య శాఖకు చెప్పింది. ఇంకో తల్లి కూడా అదే సమయంలో చెప్పింది. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి ఆ మాటలు విన్నాడు. అలా 51 మంది రోగులు తేలారు, అందులో 39 మంది పిల్లలు. 1977లో అది వైద్య పత్రికలో వచ్చింది. తర్వాత విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త ఆ గోమార్ల కడుపులో బాక్టీరియాను కనుక్కుని 1982లో ప్రకటించాడు. దానికి ఆయన పేరే పెట్టారు. ఊరి పేరు జబ్బుకు పెట్టారు. రాసిపెట్టుకున్న ఇల్లాలి పేరు మాత్రం దేనికీ పెట్టలేదు. పోనివ్వండి.

జబ్బు పేరు తెలిశాక కూడా బండి తిన్నగా నడవలేదు. నాలుగు వారాలు డాక్సీసైక్లిన్, రోజుకు రెండు పూటలు. మాత్ర నిండు గ్లాసు నీళ్లతో వేసుకోవాలి, వేసుకున్న వెంటనే పడుకోకూడదు, లేకపోతే గొంతులో పుండు పడుతుంది. పాలతో వేసుకోకూడదు. ఎండలోకి వెళ్తే చర్మం కమిలిపోతుంది. తిరుపతిలో ఎండాకాలం మొదట్లో ఎండలోకి వెళ్లకుండా ఒక మగమనిషిని ఇంట్లో కూర్చోబెట్టడం ఎంత పనో నన్నడగండి. పొద్దున్నే పాలు, కాఫీ పడనిదే ఆయనకు రోజు మొదలవ్వదు. మాత్రకూ కాఫీకీ మధ్య వ్యవధి కోసం మా ఇంట్లో రోజూ గొడవే. ఈ చిన్న చిన్న సంగతులు ఏ డాక్టరూ చెప్పలేదు, మందుల షాపు కుర్రాడు చెప్పాడు. మాత్రలు మాత్రం చవక. అన్ని నెలల టెస్టుల బిల్లుల ముందు ఈ అట్టల ఖర్చు లెక్కలోకే రాదు.

మోకాలి వాపు తగ్గింది. నీరసం పూర్తిగా పోలేదు. కొంతమందికి, నూటికి ఐదు నుంచి పది మందికి, మందు పూర్తయ్యాక కూడా నెలల తరబడి అలసట, నొప్పులు ఉంటాయట. ఇక్కడే ఇంకో టెన్షన్ మొదలైంది. అమెరికాలో ఉన్న చుట్టాలు వాట్సాప్‌లో పంపిస్తారు, ఏడాది పాటు యాంటీబయాటిక్ సెలైన్లు ఎక్కించుకోవాలని, ఫలానా మూలికలు తెప్పించుకోవాలని. ఆ సుదీర్ఘ యాంటీబయాటిక్ వైద్యాన్ని అమెరికాలోనే జాగ్రత్తగా పరీక్షించి చూశారు. ఉత్తుత్తి మందు కంటే చెప్పుకోదగ్గ ఉపయోగం లేదని, పైగా సెలైన్ గొట్టాల వల్ల ఇన్ఫెక్షన్లు, రక్తం గడ్డలు వచ్చాయని తేలింది. జబ్బు ఉందని నమ్మని డాక్టరు ఒక పక్క, ప్రతి నొప్పీ ఆ జబ్బే అనే వాట్సాప్ ఇంకో పక్క. మధ్యలో మేం. ఆయన నీరసంగా ఉందంటే "మందు అయిపోయింది కదా, ఇంకేం" అనకుండా, "అవును, కొందరికి ఉంటుంది, మెల్లగా తగ్గుతుంది" అని మీరొక్క మాట అంటే చాలు. ఆ మాట దొరక్క ఇంటికొచ్చి ఆయన అరిచిన అరుపులన్నీ నా మీదే పడ్డాయి.

అలాగే, ప్రయాణం పెట్టుకున్న తల్లిదండ్రులు టీకాలకో, బీపీ మాత్రలకో మీ దగ్గరికే వస్తారు. ఆర్నెల్ల మందులు రాసిచ్చేటప్పుడు ఇంకో వాక్యం చెప్పి పంపండి. గడ్డిలో, ఆకుల్లో తిరిగొస్తే ఆ పూటే స్నానం చేసి, చంకలు, గజ్జలు, మోకాళ్ల వెనక, నడుము, తల వెంట్రుకల్లో ఒకరికొకరు చూసుకోమని. గోమారు కనపడితే కిరసనాయిలు పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దని, సన్న మొనల పట్టకారుతో తోలుకు దగ్గరగా పట్టుకుని నిటారుగా లాగమని. లాగాక ఆ ఊరి డాక్టర్ని వెంటనే అడగమని. ఎందుకంటే గోమారు ఎక్కువసేపు పట్టుకుని ఉంటే, తీసేసిన 72 గంటల్లోపు ఒక్క మోతాదు డాక్సీసైక్లిన్ ఇచ్చి జబ్బును అడ్డుకునే పద్ధతి అక్కడుంది. ఆ డాక్టరు ఖర్చు ఎంతైనా తర్వాత పడే ఖర్చు కంటే తక్కువే.

గడి ఎలా ఉండాలో కూడా రాసి పంపుతున్నాను, మీరు మార్చుకోండి. నా ఉద్యోగంలో ఫారం ముసాయిదాలు చాలా చూశాను, పొడుగు ప్రశ్నను ఎవరూ నింపరు. ఓపీ చీటీలో షుగరు గడి కింద రెండు వరుసలు. మొదటిది: "గత 12 నెలల్లో వెళ్లొచ్చిన ఊర్లు, దేశాలు (రాష్ట్రంతో సహా). పొలం, అడవి, తోట పని ఉందా?" రెండోది: "ఒంటి మీద మచ్చ, పక్కు, దద్దురు వచ్చిందా? ఎవరు చూశారు?" ఆ చివరి రెండు మాటలు తీసేయకండి, వాటి కోసమే ఇంత రాశాను.

కౌంటర్లో కూర్చునే అమ్మాయి అడిగి రాస్తే చాలు, డాక్టరు సమయం పోదు. కంప్యూటర్ చీటీలు ఇచ్చేచోట ఆ రెండు వరుసలు చేర్చడం సాఫ్ట్‌వేర్ వాళ్లకు పెద్ద పనేమీ కాదని మా అల్లుడు అన్నాడు. అచ్చు చీటీలు వాడేచోట పాత కట్టలు అయ్యేదాకా రబ్బరు స్టాంపు చాలు. పోస్టాఫీసులో మేం అలాగే చేసేవాళ్లం. నమూనా స్టాంపు ఒకటి నేను చేయించాను. ఏ ఆస్పత్రివాళ్లు అడిగినా తెచ్చిస్తాను, డబ్బులు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పోస్టల్ ఉద్యోగిని,
తిరుపతి